నెత్తిన చేయి

కత్తెర మళ్లీ జారింది. ఈసారి నేల మీద పడలేదు, గుడ్డ మీదే పడింది. మడతలు పరిచి సుద్దతో గీతలు గీసిన నీలం నిక్కర్ల గుడ్డ అది. నడిమధ్యన అడ్డంగా గాటు పడింది.

టైలరు మాస్టరు తన కుడిచేతిని పరాయివాడి చేతిని చూసినట్టు చూసుకున్నాడు. మెడ దగ్గర పుట్టిన నొప్పి భుజం మీదుగా జివ్వున బొటనవేలిదాకా దిగుతోంది. బొటనవేలూ చూపుడువేలూ మొద్దుబారిపోయాయి, గిల్లుకున్నా తెలియడం లేదు. చేయి తిరిగిన మాస్టరని అందరూ అంటారు. ఆ చేయే ఇప్పుడు తిరగనని మొండికేసింది.

స్కూళ్లు తెరిచేలోగా యూనిఫారాలన్నీ అప్పగించాలి. లేకపోతే ఆర్డరు రెడీమేడ్ షాపుకి పోతుంది. ఆ ఒక్క ఆర్డరు మీదే ఏడాదంతా ఈ షాపు నిలబడుతోంది. అది పోతే షట్టరు దించుకుని ఇంట్లో కూర్చోవడమే.

తలెత్తి చూస్తే, మిషను ముందు భార్య కుడిచేయి నెత్తిన పెట్టుకుని కూర్చుని ఉంది. మాస్టరుకి ఒళ్లు మండిపోయింది.

"దించు చేయి! ఇంట్లో ఎవరు పోయారని నెత్తిన పెట్టుకున్నావు?"

ఆమె గతుక్కుమని దించేసింది. "ఏం లేదండీ. ఊరికే."

"ఊరికే ఊరికే అంటూ నెల్లాళ్ల నుంచీ ఇదే వరస! శనిని పిలిచి పీట వేస్తున్నావు. అందుకే నా చేయి ఇలా తగలడింది."

ఆమె పెదవి కొరుక్కుంది. "పదండి, డాక్టరుకి చూపిద్దాం," అంది.

"పక్క సెలూన్ అతను మెడ ఒక్క విరుపు విరిస్తే పోతుందంటున్నాడుగా?"

"ఉన్న మెడ కూడా పోతుంది. నడవండి ముందు."

ఆసుపత్రి గదిలో బల్ల మీద కూర్చోబెట్టి డాక్టరమ్మ తెర లాగింది. భార్య తెర అవతల స్టూలు మీద ఉండిపోయింది.

"పక్షవాతమేనా అమ్మా? దాచకుండా చెప్పండి," అన్నాడు మాస్టరు.

డాక్టరమ్మ అతని మోచేతి మీద చిన్న సుత్తితో తట్టింది. తన వేళ్లు పట్టుకుని గట్టిగా నొక్కమంది. నాలుగడుగులు నడిపించింది. చివరికి అతని తల కొంచెం వెనక్కి, కుడిపక్కకి వంచి పైనుంచి మెల్లగా అదిమింది.

"అమ్మో!" నొప్పి వేలి కొసదాకా దూసుకుపోయింది.

"పక్షవాతం కాదు. మెడ ఎముకల దగ్గర నరం నొక్కుకుపోయింది."

"మెడలో నరానికి చేతివేళ్లు మొద్దుబారడమేంటమ్మా?"

"పైన ట్యాంకు దగ్గర పైపు నొక్కుకుంటే నీళ్లు ఆగేది కింద కుళాయిలోనే కదా. ఎన్నాళ్ల నుంచి మెడ వంచి పనిచేస్తున్నారు?"

"ఊహ తెలిసినప్పటి నుంచీ."

"చాలామందికి ఆపరేషను లేకుండానే తగ్గుతుంది, భయపడకండి. మాత్రలు రాస్తాను. నొప్పి దిగాక మెడ వ్యాయామాలు నేర్పిస్తాం. పనిబల్ల ఎత్తు పెంచుకోండి, మధ్యమధ్య లేచి తిరగండి. మెడ మాత్రం ఎవరిచేతా విరిపించుకోవద్దు. నడకలో కాళ్లు తడబడినా, ఒంటికీ రెంటికీ అదుపు తప్పినా, చేతిలో బలం ఇంకా తగ్గినా వెంటనే పరిగెత్తుకు రావాలి."

"మరి కత్తెర?"

"నెలన్నర ముట్టుకోవద్దు."

గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. మాస్టరు కళ్లు చెమర్చాయి. "అంతకంటే ఈ చేయి తీసేయండమ్మా. నెలన్నర తర్వాత షాపే ఉండదు. కత్తెర పట్టుకుని ఏం కోసుకోను?"

తెర అవతలి నుంచి భార్య గొంతు వినబడింది. "నేను కత్తిరిస్తానండీ. మీరు పక్కన నిలబడి చెప్పండి చాలు."

మాస్టరు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. మునిగిపోయేవాడికి ఒడ్డు కనబడింది. పొద్దున తిట్టిన తిట్లు గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు కూడా. "మా ఆవిడ చేయి ఉక్కమ్మా! ఇన్నేళ్లలో ఒక్కరోజు నొప్పి అన్న పాపాన పోలేదు. అదే మా షాపుని గట్టెక్కిస్తుంది."

"ఇంకేం మరి. మందు పనిచేసేదాకా నొప్పి ఓర్చుకోలేకపోతే, ఇదిగో, కుడిచేయి ఎత్తి నెత్తిన పెట్టుకోండి."

"అయ్యయ్యో, దరిద్రమమ్మా అది! మా ఇంట్లో పెట్టుకోనివ్వను."

"ఒక్కసారి పెట్టి చూడండి."

ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. భుజంలో సలుపు మెల్లగా జారింది. మోచేయి తేలికైంది. రోజుల తరబడి పీడించిన నొప్పి అటక ఎక్కినట్టే అయింది.

"అరె, హాయిగా ఉందే!"

"నరం మీద లాగుడు తగ్గుతుంది. కొందరైతే ఎవరూ చెప్పకుండానే ఇలా పెట్టుకుని కూర్చుంటారు. అలాంటివాళ్లని చూడగానే నాకు ముందు మెడనరం మీదకే అనుమానం పోతుంది," అంది డాక్టరమ్మ, మందుల చీటీ రాస్తూ.

మాస్టరుకి చాలా రోజులకి నవ్వొచ్చింది. నెత్తిన చేయి అలాగే ఉంచుకుని, ఈ వింత చూపిద్దామని ఎడమచేత్తో తెర పక్కకి లాగాడు.

అతను ఇంకా ఒక్క మాటైనా అనకముందే, భార్య తన నెత్తిన ఉన్న కుడిచేతిని గబుక్కున దించేసుకుంది.