కుబుసం విడిచేదాకా

అత్తగారిని భయపెట్టి చంపాలని అల్లుడు నిశ్చయించుకున్నాడు. కత్తి అక్కర్లేదు, విషం అక్కర్లేదు. ఆవిడ గుండె బలహీనమని, ఉలిక్కిపడేలా చేయొద్దని డాక్టరే చెప్పాడు. ఆ మాటకి కూతురికి దిగులు పట్టుకుంది. అల్లుడికి దారి దొరికింది.

అతను ఇళ్ళు అమ్మిపెట్టే బ్రోకరు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళు అమ్మిపెట్టినా, తాను కాపురముంటున్న అత్తగారి ఇల్లు మాత్రం కొరకరాని కొయ్యగా మిగిలిపోయింది. "నా ఊపిరున్నంత వరకూ అమ్మేది లేదు" అంటుంది ఆవిడ. గడువు ఆవిడే పెట్టింది, ఇందులో తన తప్పేమీ లేదని అల్లుడు మనసుకి సర్దిచెప్పుకున్నాడు.

పెంపుడు జంతువుల కొట్టుకి వెళ్ళి కార్న్ స్నేక్ అనే విదేశీ పామును కొన్నాడు. నారింజ రంగు ఒంటి మీద ఎర్రటి మచ్చలు.

"విషం లేదు సార్. పసిపాపలాంటిది" అన్నాడు కొట్టు యజమాని. "ఏ సందేహం వచ్చినా ఈ నంబరుకి మెసేజ్ పెట్టండి. మావాళ్ళే, ఇంట్లో కూర్చునే జవాబిస్తారు. పాముల గురించి తెలియనిదంటూ లేదు."

విషం లేదని అత్తగారికి తెలియదు కదా, అదే అల్లుడి ధైర్యం. నంబరును 'పాముల సార్' అన్న పేరుతో దాచుకున్నాడు. గాజుపెట్టెను మేడ మీద ఆఫీసు గదిలో పెట్టి తాళం వేశాడు.

తీరా పని కానిద్దామనుకున్న రోజున పాము మూలన చుట్టుకుని కదలడం లేదు. రంగు వెలిసిపోయింది, కళ్ళకి పాలపొర కమ్మింది. అత్తగారికంటే ముందు ఇదే పోయేలా ఉంది. వెంటనే పాముల సార్‌కి మెసేజ్ పెట్టాడు.

"కంగారు పడకండి, కుబుసం విడవబోతోంది" అని జవాబొచ్చింది. "అది పూర్తిగా వదిలేదాకా ముట్టుకోవద్దు. వెచ్చదనానికి ఏం పెట్టారు?"

"మోకాళ్ళ నొప్పులకి వాడే హీటింగ్ ప్యాడ్ సార్."

"వెంటనే తీసేయండి! పొట్ట కాలుతున్నా దానికి తెలియదు. థర్మోస్టాట్ ఉన్న మ్యాట్ కొని, పెట్టెకి ఒక పక్కనే అమర్చండి. రెండో పక్క చల్లగా ఉండాలి, దానికి ఎటు కావాలంటే అటు వెళ్తుంది. ఆ ప్యాడ్ ఎక్కడ తీశారో అక్కడే పెట్టేయండి."

మర్నాడు కాఫీ తాగుతూ అత్తగారు అంది: "నా హీటింగ్ ప్యాడ్ కనబడక మోకాళ్ళు పీకేశాయి బాబూ. తీరా చూస్తే దిండు కిందే ఉంది."

"పెద్దతనం కదత్తయ్యా, మతిమరుపు."

"అంతే అయ్యుంటుంది" అని ఆవిడ మళ్ళీ ఫోనులో తల దూర్చింది. పొద్దస్తమానం అందులో పేకాటే ఆవిడకి కాలక్షేపం.

అల్లుడు మ్యాట్ తెచ్చాడు, థర్మామీటరు తెచ్చాడు. పాముల సార్ చెప్పినట్టే మూతకి కన్నం చేసిన డబ్బాలో తడి నాచు పరిచాడు. ఒళ్ళు రుద్దుకోవడానికి గరుకు రాయి పెట్టాడు. ఇల్లు చూపించమని ఫోన్ చేసినవాళ్ళకి "పాపకి ఒంట్లో బాగాలేదు" అని చెప్పి వాయిదా వేశాడు. అతనికి పిల్లలు లేరు. రెప్పలే లేని ఆ జీవిని కంటికి రెప్పలా కాచుకున్నాడు.

"మేడ మీద ఎవరున్నారు? 'బంగారూ, ఇంకొంచెం ఓపిక పట్టు' అంటున్నారు!" అని భార్య నిలదీసింది.

"క్లయింటు" అన్నాడు.

ఒకరోజు పాముల సార్ అడిగాడు: "ఇంతకీ ఎవరి కోసం పెంచుతున్నారు?"

"ఒక పెద్దావిడకి కానుక సార్."

"ఆవిడకి పాములంటే భయమా?"

"చచ్చేంత."

"అయితే మరీ శ్రద్ధగా చూడండి. మొదటిసారి చూసినప్పుడు నిగనిగలాడాలి."

ఎంత మంచి మనిషి అనుకున్నాడు అల్లుడు.

చివరికి ఒక ఉదయం పాము కుబుసం విడిచింది. మేజోడు లాగేసినట్టు, చిరుగు లేకుండా, తల నుంచి వెనక్కి తిరగబడి వచ్చింది. అల్లుడికి సంతోషంతో కళ్ళు చెమర్చాయి.

"కళ్ళ మీది పొర వచ్చిందా?" అని అడిగాడు పాముల సార్.

"వచ్చింది సార్."

"తోక కొస చూశారా?"

అల్లుడు చూడలేదు. కింద అత్తగారు స్నానానికి వెళ్ళిన చప్పుడైంది, భార్య అప్పుడే ఆఫీసుకి బయల్దేరింది. ఇంతకంటే మంచి అదను దొరకదు. "చూశాను" అని కొట్టేసి, పామును పొట్టకి హత్తుకుని మెట్లు దిగాడు.

అత్తగారి మంచం పక్కన చేతికర్ర కనబడగానే అతని గుండె గుభేలుమంది. కంగారులో ఆవిడ దాంతో ఒక్కటి వేస్తే పాము ఏమైపోను? ముందు కర్రను హాల్లోకి చేరవేశాడు. తర్వాత పామును దుప్పటి కింద పడుకోబెట్టి, దానికి ఊపిరాడేలా అంచు కొంచెం ఎత్తిపెట్టాడు. వదిలి రావడానికి కాళ్ళు రాలేదు. అయినా వచ్చి, హాల్లో తలుపు చాటున నిలబడ్డాడు.

ఆవిడ గదిలోకి వెళ్ళింది. మంచం కిర్రుమంది. దుప్పటి తీసిన చప్పుడు కూడా వినిపించింది.

కేక వినబడలేదు. పడిన చప్పుడూ లేదు. అల్లుడు తలుపుకి చెవి ఆనించాడు. ఆవిడకి ఏమైందో, అంతకంటే ముఖ్యంగా పాముకి ఏమైందో తెలియక అల్లాడిపోయాడు.

అంతలో జేబులో ఫోను మోగింది. పాముల సార్ దగ్గర్నుంచి మెసేజ్.

"తోక కొసన కుబుసం ముక్క అలాగే ఉంది, గోరువెచ్చని నీళ్ళు పట్టుకుని లోపలికి రండి అల్లుడుగారూ, వచ్చేటప్పుడు నా చేతికర్ర కూడా తీసుకురండి."