మామిడి టెంక

ఆవు పోయిన రోజున స్యోంబువా కుడిచేతిని మోచేతిదాకా దాని నోట్లోకి దూర్చి వెతికింది. పొద్దుటి నుంచీ అది చొంగ కారుస్తూ, ఏదీ మింగలేక, బొంగురుగా అరుస్తూనే ఉంది. మామిడిపళ్ల రోజులు. టెంక అడ్డుపడిందని అందరూ అన్నారు. ఆవు గొంతులో టెంక అడ్డుపడితే ఆ ఊళ్లో ఎవరైనా చేసే పనే అది. దాని పళ్లు గీరుకుని చెయ్యి నాలుగుచోట్ల చిట్లింది. టెంక మాత్రం దొరకలేదు. పొద్దుగూకేలోపు ఆవు కన్నుమూసింది.

అది జరిగి ఏడు వారాలు. ఇప్పుడామె దిగులంతా కుక్క గురించే.

బడి మైదానంలో కుక్కలకి పిచ్చి రాకుండా సూదులు వేస్తున్నారు. వేసిన కుక్క మెడకి ఎర్ర పట్టీ కడుతున్నారు. రేపటి నుంచి పట్టీ లేని కుక్క కనిపిస్తే కొట్టి చంపమని ఊరిపెద్ద చాటించాడు. ఆమె బోస్కోకేమో మూర్ఛరోగం. నెలకోసారి కిందపడి కాళ్లు కొట్టుకుంటుంది, నురగ కక్కుతుంది, కాసేపటికి లేచి ఏమీ ఎరగనట్టు తోకాడిస్తుంది. పోయిన కూతురు చేతిముద్దలు పెట్టి పెంచిన కుక్క. సూదికి తట్టుకుంటుందో లేదో.

"వేయించినా మానినా ఒకటే వదినా. నీ కుక్కకి పిచ్చి ఎప్పుడో ఎక్కింది," అన్నాడు పక్కింటి న్జూకి. తన కుక్కతోపాటు బోస్కోని కూడా అతనే తాడు పట్టి నడిపించుకొచ్చాడు. "నాలుగు రోజుల నుంచి నిన్ను చూస్తే చాలు, గుర్రుమంటోంది!"

"మూర్ఛ వేరు, పిచ్చి వేరు. నీ నోటికి కూడా ఓ సూది ఉంటే బాగుండు."

అన్నదేగానీ అతని మాట అబద్ధం కాదు. రోజూ ఆమె కాళ్ల దగ్గర పడుకునే బోస్కో నాలుగు రోజులుగా కంచె అవతల పడుకుంటోంది. ఆమె రెండడుగులు వేస్తే అది రెండడుగులు వెనక్కి వేస్తోంది. ముఖంలోకి చూడదు. గొంతు వైపే చూస్తుంది, కళ్లార్పకుండా.

స్యోంబువా పైగుడ్డ ముఖానికి అడ్డంగా లాక్కుంది. "ఏం గాలి ఇది, ప్రాణం తీసేస్తోంది."

న్జూకి చెట్ల వైపు చూశాడు. ఆకు కదలడం లేదు.

వరసలో వాళ్ల వంతు వచ్చింది. పశువుల డాక్టరు ముసెంబి ఆమె చెప్పిందంతా విన్నాడు.

"మూర్ఛ ఉన్నా వేయొచ్చమ్మా. ఒకటి రెండు రోజులు కాస్త ఎక్కువ రావచ్చు, కనిపెట్టుకుని ఉండాలి. వేయించకపోతే మాత్రం, ఆ పిచ్చి పైకి తేలాక కుక్కకైనా పశువుకైనా మనిషికైనా మందు లేదు. ఆపైన మీ ఇష్టం."

"దాని ప్రాణం తెచ్చి నా చేతిలో పెడతావేం నాయనా?"

"మీ కుక్కే కదమ్మా."

ఆమె కుడిచెయ్యి గోక్కుంది. కొన్నాళ్లుగా ఆ చేతిలో చీమలు పాకుతున్నట్టుంటోంది.

"సరే. వేసెయ్."

"అయితే పట్టుకోండి. ఎవరి కుక్కని వాళ్లే పట్టుకోవాలి."

ఆమె వంగింది. బోస్కో నేలకి కరుచుకుపోయి పళ్లు బయటపెట్టింది. తోక కాళ్ల మధ్యకి పోయింది. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"చెప్పానా, పిచ్చే!" న్జూకి వెనక్కి గెంతాడు. ఎవరో కర్ర ఎత్తారు.

"ఆగండి!" ముసెంబి నేలమీద కూర్చుని చెయ్యి చాపాడు. బోస్కో పాకుతూ వచ్చి అతని ఒళ్లో తల పెట్టింది. కళ్లు చూశాడు, నోరు చూశాడు. రేకుడబ్బాలో నీళ్లు పోసి ముందు పెట్టాడు. గటగటా తాగేసింది.

"దీనికి పిచ్చీ లేదు, గిచ్చీ లేదు. దేన్నో చూసి బెదిరింది, అంతే." సూది వేసి ఎర్ర పట్టీ కట్టాడు. బోస్కోకి ఏమీ కాలేదు.

స్యోంబువా కళ్లు తుడుచుకుంది. న్జూకి తల గోక్కుంటూ కప్పుతో నీళ్లు తెచ్చాడు. "నోరు జారాను వదినా. ఎండన నిలబడ్డావు, ఇవి తాగు."

కప్పు నోటిదాకా వెళ్లింది. నీళ్లు కంటబడగానే ఆమె మెడ వెనక్కి విరుచుకుపోయింది. కప్పు జారి పడింది. పెదవి చివర కారిన చొంగని పైగుడ్డతో తుడుచుకుని ఆమె నవ్వబోయింది. గొంతు బొంగురుగా ఉంది.

"నాలుగు రోజులుగా ఇంతే నాయనా. మా ఆవుకి అయినట్టే. టెంక ఏదో అడ్డుపడ్డట్టు, గుక్క దిగదు."

ముసెంబి చేతిలో మందుసీసా అలాగే ఉండిపోయింది. అతని చూపు ఆమె కుడిచేతి మీది మచ్చల దగ్గర ఆగింది.

ఏడు వారాల కిందట ఆమె వేయించుకోవాల్సిన సూది ఒకటి ఉంది. అది ఎవరూ వేయించలేదు.