నాలుగో అంతస్తు దిష్టిబొమ్మ

ఆ దిష్టిబొమ్మను కిందికి దించడానికి ఆదోనిలో ఒక్క మగవాడూ ముందుకు రాలేదు.

బొమ్మ ఉన్నది దేవేంద్రప్ప మేడ మీద. ఏడంతస్తులు అనుకున్న మేడ. డెబ్బై ఎనిమిదిలో నాలుగో అంతస్తు దగ్గర ఆగిపోయింది. దేవేంద్రప్ప పత్తి వ్యాపారి. బొంబాయి మేడలు చూసి వచ్చి, ఆదోనిలోనూ ఒకటి లేవాల్సిందే అన్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పునాదులు తవ్వుతుండగానే లిఫ్టు నడిపేవాడికి ఖాకీ బట్టలు కుట్టించాడు. అంతలో సిమెంటు కరువొచ్చింది. పర్మిట్ల కోసం కర్నూలు తిరిగి ఆయన చెప్పులరిగాయి గానీ, మేడ అంగుళం పెరగలేదు.

పెరిగింది భయమే.

పని ఆగిన కొత్తలో వాచ్‌మన్ ఉరుకుందప్ప అక్కడ దొరికిన బట్టలకు గడ్డి కుక్కి, కుండకు మీసాలు గీసి, నాలుగో అంతస్తు అంచున ఒక బొమ్మను నిలబెట్టాడు. మేడకు దిష్టి తగలకూడదని అతని తాపత్రయం. గాలి వీస్తే బొమ్మ చేయి ఊగేది. రమ్మంటోందని కొందరు, పొమ్మంటోందని కొందరు. ఎమ్మిగనూరు బస్సు ఆ మలుపు తిరిగేటప్పుడు కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు మొహం తిప్పుకునేవాళ్ళు.

మేస్త్రీ ఉచ్చీరప్ప ఒక్కడే ఆ మేడను మరవలేదు. పని లేకపోయినా ప్రతి అమావాస్యకూ వచ్చేవాడు. పని ఆగేముందు ఆఖరుగా కాంక్రీటు పోసింది లిఫ్టు గుంతలో. దాని దగ్గర టెంకాయ కొట్టి, దండం పెట్టి పోయేవాడు. పనిచేసిన చోటంటే అంత భక్తి ఉండాలని ఊరు మెచ్చుకునేది.

నాలుగేళ్ళకు సిమెంటు మళ్ళీ దొరికింది. కానీ పాత బొమ్మను దించి కాల్చి, కొత్తది కట్టందే తట్ట ఎత్తమని కూలీలు మొండికేశారు. బొమ్మ దగ్గరికి పొమ్మంటే మాత్రం ఒకడి మొహం ఒకడు చూసుకున్నారు.

"నేను దించుతా," అంది ఇమాంబీ.

ఇమాంబీ కూడా తట్ట మోసే కూలీనే. ఆమె మొగుడు అబ్బాస్ అలీ ఇదే మేడకు తాపీపని చేశాడు. పని ఆగేముందు ఒకరోజు పనికని వచ్చి, ఇంటికి పోకుండా బొంబాయి చెక్కేశాడు. రైలెక్కుతుంటే కళ్ళారా చూశానని ఊరికి చెప్పింది ఉచ్చీరప్పే. పాపం, అప్పటినుంచి ఆమెకు ఎక్కడో ఒకచోట కూలి చూపిస్తున్నదీ అతనే.

"వద్దమ్మా, అది మంచి బొమ్మ గాదు," అన్నాడు ఉరుకుందప్ప.

"నన్నేం సేస్తాదప్పా? మొగుడే ఇడిసిపెట్టి పోయినాంక గడ్డిబొమ్మకు బయపడాల్నా?"

అక్కడితో ఆగితే ఆమె ఇమాంబీ కాదు.

"మా నాయన ఎమ్మిగనూరులో కొనిచ్చిన మగ్గం గుడ్డ. నా సేత్తో సొక్కా కుట్టినా. గుడ్డ సాలకుంటే నా ఎర్ర రైక సింపి జేబు ఏసినా. ఆ పొద్దు దాన్నే తొడుక్కోని పోయినాడు! నేను కుట్టిన సొక్కాతోనే బొంబాయిలో ఎవతి దగ్గరికో పోయినాడు! వాని సేతులు ఇరిగిపోను!"

ఈ శాపనార్థాలు ఊరికి కొత్త కాదు. పొద్దున్నా సాయంత్రం ఆ మేడ కింద నడిచిపోతూ ఇవే తిట్టేది. కానీ మెడలో నల్లపూసలు తియ్యలేదు. బొంబాయి రైలు కూస్తే చేతిలో పని వదిలి వాకిట్లోకి వచ్చేది. వాడొస్తే తలుపు తియ్యనంటూనే, రైలు దిగినవాళ్ళంతా వీధి దాటిపోయేదాకా నిలబడేది. ఆ ఎదురుచూపే ఆమెకు అన్నం, నీళ్ళు.

"దించి కిందికి ఇసిరెయ్ తల్లీ. మళ్ళా దాని దిక్కు సూడొద్దు," అన్నాడు ఉచ్చీరప్ప. కాల్చడానికి కిరసనాయిలు డబ్బాతో సిద్ధంగా ఉన్నాడు.

ఇమాంబీ మెట్లెక్కింది. నాలుగో అంతస్తులో పాత పరంజా కర్రలు ఇంకా అలాగే ఉన్నాయి. తాపీవాళ్ళు చొక్కాలు విప్పి ఆ కర్రలకే తగిలించి, బనియన్లతో పనిలోకి దిగేవాళ్ళు. సాయంత్రం చేతులు కడుక్కుని మళ్ళీ తొడుక్కునేవాళ్ళు. సద్ది తెచ్చినప్పుడల్లా చూసిన చోటే. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు కోపమూ వచ్చింది.

ఆ కోపంతోనే బొమ్మను వెనకనుంచి పట్టి లాగింది. కుండ జారి కింద పడి పగిలింది. కూలీలు కేకలు పెట్టి చెదిరిపోయారు. మొండెం ఆమె చేతుల్లో ఉండిపోయింది. సిమెంటు దుమ్ముతో, కాకి రెట్టలతో బట్ట రంగే తెలియడం లేదు. విసిరెయ్యబోతూ చేత్తో ఒకసారి దులిపింది.

ఎంతసేపటికీ బొమ్మ కిందికి రాలేదు.

కిందున్నవాళ్ళు తలెత్తి చూస్తే, ఇమాంబీ ఆ గడ్డిబొమ్మను రొమ్ముకు అదుముకుని కూర్చుని ఉంది.

"ఓ యమ్మా, దయ్యం పట్టుకునింది రా!" అని అరిచింది లక్ష్మమ్మ అనే కూలీ.

కాసేపటికి ఇమాంబీ దిగి వచ్చింది. ఏడవడం లేదు, తిట్టడం లేదు. గడ్డి పైనే వదిలేసి వచ్చింది. బొమ్మకు తొడిగిన చొక్కా మాత్రం చేతిలో ఉంది. నేరుగా ఉచ్చీరప్ప ముందుకొచ్చి నిలబడి, దాన్ని విప్పి పట్టుకుంది. వెలిసిన జేబు మడతలో ఎరుపు ఇంకా మిగిలే ఉంది.

"ఉచ్చీరన్నా, నా మొగుడు సొక్కా ల్యాకుండానే రైలెక్కినాడా?"

ఉచ్చీరప్ప ఆమె మొహం చూడలేదు, లిఫ్టు గుంత వైపు చూశాడు.