చేపగుడ్డు మీద ఈకలు

“ఈసారి చావవు. రాసిపెట్టుకోండి,” అంటూ అల్లుడుగారు సీసాను టేబుల్ మీద ఠక్కున పెట్టాడు.

ల్యాబ్ మేడమ్ తలెత్తలేదు. “మీరు చెప్పింది రాయడానికి కాదు నేనిక్కడున్నది. చూసింది రాస్తాను.”

అతను రంగుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఫ్యాక్టరీ మామగారిది కాబట్టి వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరికీ అల్లుడుగారే. ఆ పిలుపంటే అతనికి ఒళ్ళుమంట. రెండో యూనిట్ పెట్టి అతనికి అప్పజెబుతానని మామగారు మాటిచ్చాడు. కానీ ఫ్యాక్టరీ బయటికి వదిలే నీళ్ళలో ప్రమాదం లేదని ఈ ల్యాబ్ తేల్చితేనే దానికి అనుమతి. మొదటిసారి పనివాళ్ళు పట్టుకొచ్చిన నీళ్ళలో చేపగుడ్లన్నీ తెల్లారేసరికి తెల్లగా గడ్డకట్టి చచ్చాయి. ఇది రెండో అవకాశం. మూడోది లేదు.

“పెద్ద చేపల్ని తొట్టిలో వదిలి చూసే రోజుల్లో మాకే గొడవా లేదు,” అన్నాడు. “హాయిగా ఈదేవి. ఇప్పుడు మీరొచ్చి చేపగుడ్డు మీద ఈకలు పీకుతున్నారు.”

“పెద్ద చేప చస్తే చచ్చిందని తెలుస్తుంది, అంతే. దానికోసం తొట్లకు తొట్లు చంపాలి. గుడ్డు అద్దంలా ఉంటుంది. లోపల గుండె కట్టడం, తోక సాగడం అన్నీ కనిపిస్తాయి. అది సొంతంగా తిండి వెతుక్కునే వయసు రాకముందే నా పని అయిపోతుంది.”

“మీ జాలంతా చేపల మీదేనా? మామీద లేదా?”

“మీమీద జాలిపడ్డానికి మీ మామగారున్నారుగా.”

అతని మొహం మాడింది. ఆమె పట్టించుకోకుండా సీసాను వెలుగుకెత్తి చూసింది. నీళ్ళు ఫ్యాక్టరీవాళ్ళే పట్టి, సీలు వేసి తేవాలన్నది రూలు. సీలు సరిగ్గానే ఉంది.

“తేటగా ఉన్నాయే! ఎవరు పట్టారు?”

“నేనే. పొద్దున్నే, నా చేత్తో. పనివాళ్ళని నమ్ముకుని ఒకసారి మునిగింది చాలు.”

ప్లాస్టిక్ పలక నిండా చిన్న చిన్న గుంటలు. ఆమె ఒక వరసలో అతను తెచ్చిన నీళ్ళు, పక్క వరసలో ల్యాబ్ మంచినీళ్ళు పోసి, గుంటకొక గుడ్డు వేసింది. నీళ్ళు మంచివైతే రెండు వరసలూ ఒకేలా పెరగాలి.

అప్పట్నుంచి అతను రోజూ వచ్చేవాడు. కూర్చోమంటే కూర్చోడు. ఆమె వెనకే నిలబడి నసపెట్టేవాడు. గుడ్లలో గుండెలు కొట్టుకోవడం మొదలైన రోజు మైక్రోస్కోపులో చూసి గట్టిగా నవ్వాడు. అక్కణ్ణుంచే మామగారికి ఫోన్ చేశాడు. “గట్టెక్కాం మామయ్యా!”

తర్వాత ఆమెవైపు తిరిగాడు. “సంతకం పడెయ్యండి. ఇంట్లో ఏడో నెల మనిషిని వదిలేసి ఇక్కడ మీ గుడ్లకి కాపలా కాస్తున్నాను.”

“కాయమని నేను పిలవలేదు. ఇవింకా బయటికి రాలేదు.”

“గుండె కొట్టుకుంటోంది కదా, ఇంకేం కావాలి?”

“కొట్టుకుంటే చాలదు.”

“ఈ కుర్చీలో ఎన్నాళ్ళుంటారో నేనూ చూస్తాను.”

“చూడండి. నిలబడే చూడండి.”

అతను విసురుగా తలుపేసి ఇంటికి పోయాడు. ఇల్లు, పెరట్లో నీళ్ళ బోరుతో సహా, ఫ్యాక్టరీ గోడకి ఆనుకునే ఉంటుంది. కూతురు కళ్ళముందుంటుందని మామగారు కట్టించాడట. అల్లుడు కళ్ళముందుంటాడని కట్టించాడని పనివాళ్ళు అంటారు.

గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చిన రోజు ఆమే అతన్ని పిలిపించింది. మైక్రోస్కోపు అతనివైపు తిప్పింది.

ల్యాబ్ నీళ్ళలో పిల్లలు సూదుల్లా తిన్నగా ఉన్నాయి. పక్క వరసలో తోకలు కొక్కేల్లా వంగిపోయాయి. గుండె చుట్టూ నీరు పట్టి పొట్టలు ఉబ్బాయి. ఒక్కటీ చావలేదు. ఒక్కటీ నిటారుగా లేదు.

“మీ పలక సరిగ్గా కడగలేదు,” అన్నాడు.

“కొత్త పలక. పక్క వరసా దాన్లోదే. ఆడలేక మద్దెల ఓడనకండి.”

“మళ్ళీ చూడండి.”

“మీరే చూడండి. మీరు తెచ్చిన నీళ్ళే.”

అతను చాలాసేపు చూశాడు. ఇక అరుస్తాడని ఆమె సిద్ధంగా ఉంది. నాలుగు మాటలు నాలుక చివర పెట్టుకునే ఉంది. అతను అరవలేదు. మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఈ వంకర... పెద్దయ్యాక సర్దుకుంటుందా?”

“సర్దుకోదు.”

“ఇప్పట్నుంచీ మంచినీళ్ళు పోస్తే?”

“ఏం లాభం? లోపల తయారవ్వాల్సినవన్నీ ఆ నీళ్ళతోనే తయారైపోయాయిగా.”

ఆ మాట అన్నాక ఆమె కసి కొంత తీరింది. రిపోర్టు మీద సంతకం చేసి అతని ముందుకి తోసింది. అతను దానివైపు చూడలేదు. జేబులోంచి ఫోన్ తీశాడు. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు.

“మామగారికి చేస్తారో, మంత్రిగారికే చేస్తారో చేసుకోండి,” అంది ఆమె. “రాసింది మారదు.”

అతను ఫోన్ చేసింది భార్యకి. ఈసారి ఎలాగైనా గట్టెక్కాలని ఆ సీసా అతను నింపుకొచ్చింది ఫ్యాక్టరీ కాలువ దగ్గర కాదు, తన వంటింటి కుళాయి దగ్గర.