రెండో గొంతు

"నీ పేరేంటన్నావ్?" నార్మ్ నన్ను మూడోసారి అడిగాడు.

రాక్‌ఫర్డ్‌లో నార్మ్ వాళ్ల ఈ గరాజ్‌లోనే మా బ్యాండ్ పుట్టింది. నలభై ఏళ్లు ఇద్దరం ఒకే మైకు ముందు నిలబడి పాడాం.

"వెండెల్‌నిరా! ఇన్నేళ్లకి మళ్లీ ఆల్బమ్ చేస్తున్నా. ఈ కొత్త పాటకి నా గొంతుకి తోడుగా నీ రెండో గొంతు కావాలి."

గిటార్ తీసి మొదలుపెట్టాను. పల్లవి దగ్గర నార్మ్ అందుకున్నాడు. ఎన్నడూ వినని పాటని ఒక్క స్వరం తప్పకుండా, మాటలతో సహా పాడేశాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూశావా డార్లీన్, మీ ఆయన జ్ఞాపకం ఎక్కడికీ పోలేదు!"

డార్లీన్ నవ్వలేదు. అలమరలోంచి మా మొట్టమొదటి రికార్డు తీసి నా ఒళ్లో పెట్టింది. రెండో వైపు మొదటి పాట అదే. రాసింది నేనేనని కింద అచ్చేసి ఉంది.

"పాత పాటని కొత్తదంటూ తేవడం ఇది మూడోసారి, వెండెల్. ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నా."

గిటార్ మీద వేళ్లు ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు.

నార్మ్ నా భుజం తట్టాడు. "కంగారుపడకు బాబూ. మర్చిపోతే నేనందిస్తాగా."