డ్యూకు జ్వరం

"ఇంతకీ ఆ పిల్ల గ్లౌజు తీసిందా, తియ్యలేదా?"

ఇక్బాల్ బీ అడిగిన మొదటి ప్రశ్న అది.

పల్లికాయ ఒలుస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి. అందరూ కథ చెప్తున్న శ్రీవాణిని వదిలేసి ఇక్బాల్ బీ వైపు చూశారు.

శ్రీవాణికి అక్కడే మండింది.

అప్పటిదాకా జడ్చర్లలో ఆ గల్లీకి మధ్యాహ్నపు మహారాణి ఆమే. విత్తనాల కాలం వచ్చిందంటే నర్సింగమ్మ పొలం పల్లికాయ బస్తాలు అమృతమ్మ అరుగెక్కుతాయి. విత్తనపు గింజ చిట్లకూడదు, చేత్తోనే ఒలవాలి. గల్లీ ఆడవాళ్లంతా ఒలుస్తారు, శ్రీవాణి తప్ప. ఆమె ఇంగ్లీషు నవల తెలుగులో చెప్పాలి.

రెండు వందల ఏండ్ల కిందటి లండన్. గుర్రపు బగ్గీలు, విందులు, డాన్సులు. ఓ పొగరుబోతు డ్యూకు, అతన్ని లెక్కచేయని ఓ పేదింటి పిల్ల. డ్యూకు అంటే అక్కడి దొర. మన దొరలకూ అతనికీ తేడా ఒక్కటే: పిల్ల చెయ్యి పట్టుకునే ముందు అడుగుతాడు.

కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న ఆ నవలకు చిన్న లోపం ఉంది. నూట నలభయ్యో పేజీ తర్వాత ఏమీ లేదు, చినిగిపోయింది.

ఆ సంగతి ఒక్క శ్రీవాణికే తెలుసు. పుస్తకానికి పేపరు అట్ట వేసి, నెల రోజులుగా పాత పేజీలే తిప్పుతూ కథను సొంతంగా నడుపుతోంది. బయటపడిందా, రేపట్నుంచి ఆమె ముందు కూడా ఓ చాట పెడతారు.

ఇక్బాల్ బీ అమృతమ్మ వెనక గదిలో కొత్తగా కిరాయికి దిగింది. కొడుకు నదీం మందుల కంపెనీలో పనిచేస్తాడు. అంతకుమించి ఎవరూ అడగలేదు. వెలిసిన చీర, మెత్తటి మాట. ఊరికే వచ్చి కూర్చుని, ఒలిచినవన్నీ నర్సింగమ్మ చాటలో పోసి పోతుంది.

"తియ్యలేదు," అంది శ్రీవాణి. "వంద మంది చూస్తుండంగ ఎట్ల తీస్తది?"

"తియ్యకున్నా, ఒక్క గుండీ ఊడొచ్చు కదా బిడ్డా."

నర్సింగమ్మ విత్తనపు గింజ అన్న సంగతి కూడా మరిచి చేతిలోది నోట్లో వేసుకుంది.

మర్నాడు గ్లౌజు గుండీ ఊడింది. వేలెడంత మణికట్టు కనబడింది. డ్యూకు కండ్లు దించుకున్నాడు. నాలుగు రోజులు అరుగంతా ఆ మణికట్టు దగ్గరే ఆగిపోయింది.

"మా ఆయన ఎన్నడన్న నా చెయ్యి గట్ల చూసిండా?" అంది నర్సింగమ్మ.

"చూసిండు," అంది అమృతమ్మ. "చాయ్ తెచ్చినవా లేదా అని."

అప్పట్నుంచి రోజుకో ప్రశ్న. ఉత్తరం ఎవరు పట్కపోయిండ్రు? మేనత్త తలుపు చాటున ఉన్నదా? శ్రీవాణి ఏం చెప్పాలో తోచక నీళ్లు నమిలినప్పుడల్లా ఇక్బాల్ బీ ఏదో ఒకటి అడిగేది. మెచ్చుకోలు మాత్రం అడిగినామెకే.

ఒకరోజు ఇక్బాల్ బీ రావడం ఆలస్యమైంది.

"జర ఆగు శ్రీవాణీ. ఇక్బాల్ బీని రానియ్యి," అంది నర్సింగమ్మ.

పెండ్లికూతుర్ని పక్కకు జరగమని ఫొటో తీసినట్టయింది శ్రీవాణికి. ఈ పీడ ఇవాళే వదలాలనుకుంది. ఇక్బాల్ బీ వచ్చి కూర్చోగానే, "డ్యూకు పెండ్లి చేసుకుంటనన్నడు," అని తేల్చేసింది.

"గప్పుడేనా?" అంది ఇక్బాల్ బీ. "అన్నంక ఇంకేమున్నది వినేటానికి? ఆ మాట నోటిదాక వచ్చి ఆగాలె గని."

శ్రీవాణి పుస్తకం మూసింది.

"ఇది ఇంగ్లీషు పుస్తకం. అండ్ల ఏమున్నదో చదివినోళ్లకు తెలుస్తది. చదువు రానోళ్లు మధ్యల చెయ్యి పెడితే కథ ఖరాబైతది."



"నిజమే బిడ్డా," అని ఇక్బాల్ బీ తల వంచుకుని ఒలవసాగింది.

మళ్లీ ప్రశ్న అడగలేదు.

శ్రీవాణి గెలిచింది. గెలిచిన మర్నాడే డ్యూకు ఎటు నడవాలో తెలియక నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచక అతనికి జ్వరం తెప్పించింది. వారమైనా తగ్గలేదు.

"దవాఖానకన్న తోల్కపోరాదు," అని ఆవులించింది నర్సింగమ్మ.

శ్రీవాణి ఓరగా ఇక్బాల్ బీని చూసేది. ఒక్కటి, ఒక్కటంటే ఒక్క ప్రశ్న అడిగితే బాగుండు. ఆమె మాత్రం గింజల మీంచి తల ఎత్తేది కాదు.

ఎనిమిదో రోజు అమృతమ్మ ఫోన్‌లో సీరియల్ పెట్టింది. ఆ వారంలోనే నదీంకు ఇంకో ఊళ్లో ఉద్యోగం దొరికి, తల్లీకొడుకులు గది ఖాళీ చేశారు.

మిగిలిన కూలర్ పట్టుకుపోవడానికి నెల తర్వాత నదీం ఒక్కడే వచ్చాడు. అరుగు మీద చాట ముందేసుకుని పల్లికాయ ఒలుస్తున్న శ్రీవాణిని చూసి ఆగాడు.

"అక్కా, అమ్మ అడిగి రమ్మన్నది. డ్యూకు జ్వరం తగ్గిందా?"

శ్రీవాణి కడుపుమంట ఇంకా చల్లారలేదు.

"గామెకెందుకంత ఫికర్? పుస్తకం కొనుక్కపో. నువ్వే చదివి చెప్పు."

"ఆ పుస్తకం మా ఇంట్లనే ఉన్నదక్కా," అన్నాడు నదీం, కూలర్ భుజానికెత్తుకుంటూ. "అమ్మ ముప్పై ఏండ్లు డిగ్రీ కాలేజీల ఇంగ్లీషు చెప్పిన మనిషి, నాలుగుసార్లు చదివింది, అండ్ల డ్యూకుకు జ్వరమే రాదట, మీరెట్ల తగ్గిస్తరోనని ఆమెకు ఒక్కతీరు ఆరాటం."