లోపలి వార్డు

మళ్ళీ ప్రబీర్ నస్కరే ముందు వెళ్ళాడు.

గరియాలోని ఆ నర్సింగ్‌హోమ్ వరండాలో పదకొండు మంది మెడికల్ రెప్‌లు బల్లల మీద ఇరుక్కుని కూర్చున్నారు. అందరి ఒళ్ళోనూ నల్ల బ్యాగులే, అందరి చొక్కాలూ వీపులకు అతుక్కుపోయే ఉన్నాయి. ఆఖర్న వచ్చిన ప్రబీర్ రిసెప్షన్‌లో ఉన్న మిఠూని చూసి ఒక నవ్వు నవ్వి, ఎవరినీ అడక్కుండా అద్దాల తలుపు తోసుకుని లోపలి వార్డులోకి నడిచాడు. ఆ తలుపు దాటి వెళ్ళడానికి రెప్‌లకు వీల్లేదు.

వాళ్ళలో ఒకడు, ఎనిమిదింటి నుంచి కాచుకుని ఉన్న అనిమేష్ కుండు, గడియారం చూసుకున్నాడు. తొమ్మిది దాటింది.

“అల్లుడుగారు వచ్చారు,” అన్నాడు పక్కనున్న రెప్. “అత్తారింట్లోకి వెళ్ళడానికి ఎవర్ని అడగాలి?”

బల్ల మీద అందరూ నవ్వారు. అనిమేష్‌కి నవ్వు రాలేదు.

డాక్టర్ లాహిరి దక్షిణ కలకత్తాలో పేరున్న కిడ్నీ డాక్టరు. రక్తం పట్టడానికి ఆయన రాసే ఇంజెక్షన్ ఏ కంపెనీదైతే ఆ కంపెనీ రెప్‌కి ఏడాది గట్టెక్కినట్టే. మూడేళ్ళుగా ఆయన రాస్తున్నది ప్రబీర్ కంపెనీది. అనిమేష్‌కి ఆయన దగ్గర దొరికేది వారానికి రెండు నిమిషాలు, అదీ ఆయన చేతులు కడుక్కుంటున్నప్పుడు.

సోమవారం మీటింగుల్లో మేనేజరు బాగ్చీ అమ్మకాల జాబితా పైకి చదివేవాడు. అందరికంటే అడుగున పేరున్నవాడు మీటింగు అయ్యేదాకా నిలబడే ఉండాలి. అనిమేష్ వరసగా ఐదు సోమవారాలు నిలబడ్డాడు. ఐదోసారి బాగ్చీ తిట్టను కూడా తిట్టలేదు.

“ఆ నస్కర్‌కి ఏమన్నా రెండు తలకాయలున్నాయా?” అని మెల్లగా అడిగాడు. “నెలాఖరులోగా లాహిరి మన ఇంజెక్షన్ రాయాలి. లేకపోతే బ్యాగు ఇక్కడ పెట్టేసి ఇంటికెళ్ళు.”

ఇంట్లో భార్య కాకొలికి ఏడో నెల. మీటింగు బాగా జరిగిందని చెప్పాడు ఆమెతో.

అప్పటి నుంచి ప్రబీర్ మీదే కన్నేసి ఉంచాడు. మంగళవారం, శుక్రవారం తొమ్మిదింటికి లోపలికి పోతాడు, ఒకటిన్నరకు బయటికొస్తాడు. ఒక్కోసారి డాక్టరే భుజం మీద చెయ్యి వేసి తలుపుదాకా నడిపించుకుని వస్తాడు. అది చూస్తే అనిమేష్‌కి ఒళ్ళు మండిపోయేది. ఆ మాటకొస్తే ప్రబీర్‌లో ఏది చూసినా మండేది. నలభై దాటిన రెప్‌లందరికీ పొట్టలు వస్తే ఇతనికి మాత్రం నడుము కుర్రాడి నడుములా ఉంది. వైశాఖపు ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా, మణికట్టుదాకా గుండీలు. ఎవరు టీ ఇప్పించినా తల అడ్డంగా ఊపుతాడు. ఒకసారి అనిమేష్ మంచి చేసుకుందామని స్వయంగా కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చినా ముట్టుకోలేదు. మన చేతిది తాగితే పరువు తక్కువ కాబోలు అనుకున్నాడు.

చివరికి సిగ్గు విడిచి, అన్నా అని వరస కలిపి అడిగేశాడు.

“ప్రబీర్‌దా, లోపలికి ఎలా వెళ్తున్నావో నాకూ చెప్పకూడదా? నా ఉద్యోగం పోయేలా ఉంది.”

ప్రబీర్ మణికట్టు దగ్గర గుండీ సరిచేసుకున్నాడు.

“ఆ తలుపు లోపల నీకేం పని అనిమేష్? బయటుండటమే నయం,” అన్నాడు. “నీ మందు కాగితాలు ఇవ్వు. డాక్టర్‌బాబుకి నీ సంగతి నేను చెప్తాను.”

అనిమేష్ ఇవ్వలేదు. కడుపు నిండినవాడు మిగిలిన మెతుకులు విసిరినట్టనిపించింది. రెండు రోజులు ఆ మాటే తలుచుకున్నాడు. మూడో రోజున తన పేరు రాయకుండా ప్రబీర్ కంపెనీకి ఉత్తరం పెట్టాడు. మీ రెప్ వారానికి రెండు రోజులు ఒకే నర్సింగ్‌హోమ్‌లో నాలుగేసి గంటలు గడుపుతున్నాడు, ఆ వేళల్లో ఏయే డాక్టర్లను కలిసినట్టు రిపోర్టులు రాస్తున్నాడో మీరే చూసుకోండి అని. అందులో ఒక్క అబద్ధం లేదు. ఆ ధైర్యంతోనే పోస్టు చేశాడు.

రెండు వారాల తర్వాత అదే కంపెనీ బ్యాగుతో కొత్తమనిషి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. దొంగ రిపోర్టులు రాసినందుకు నస్కర్‌ని తీసేశారని చెప్పాడు. ఎక్కడికి పోతున్నావని అడిగితే నోరు విప్పలేదట. ఇన్సూరెన్స్ కార్డు మాత్రం ఇంకొన్నాళ్ళు ఉంచమని బతిమాలుకున్నాడట, వాళ్ళు కుదరదన్నారట.

పోతూ పోతూ అది కూడా కావాలట అని బల్ల మీద ఎవరో అన్నారు. ఆ పూట అందరికీ టీ అనిమేష్ ఇప్పించాడు. చాలా రోజుల తర్వాత టీ తియ్యగా అనిపించింది.

శుక్రవారం తొమ్మిదింటికి ప్రబీర్ వచ్చాడు. చేతిలో బ్యాగు లేదు. బల్ల వైపు చూడలేదు. మిఠూ కుర్చీలోంచి లేచి వెళ్ళి, తనే అద్దాల తలుపు తెరిచి పట్టుకుంది.

అనిమేష్‌కి తల తిరిగిపోయింది. ఉద్యోగం ఊడినా ఈ మర్యాద ఊడలేదా? మూడేళ్ళ నుంచి లోపల ఏం రాజకీయం నడుస్తోందో ఇవాళ తేల్చుకుంటానని లేచాడు. మిఠూ పిలుస్తున్నా వినకుండా తలుపు తోశాడు. లోపల ఒక నర్సు చెయ్యి అడ్డం పెట్టింది.

“రెప్‌లు లోపలికి రాకూడదు.”

“మరి నస్కర్ రావచ్చా? ఇప్పుడు ఆయన రెప్ కూడా కాదు.”

నర్సు అతన్ని ఎగాదిగా చూసింది.

“ఆయన డయాలిసిస్ పేషెంటు.”